యవన ద్వీపములలో ఓడ ప్రయాణము



నేను గోదావరి లంకలలో పుట్టి పెరిగినవాడను. రేవు, పంటు, సరంగు అను మాటలు నాకు అక్షరాభ్యాసమునకు ముందే వచ్చినవి. అయినను సముద్రముమీద ఓడ యెక్కుట నా అరువదియైదవ యేట గాని సంభవింపలేదు. అదియు మన సముద్రము గాదు, ఏజియను సముద్రము. శుభకృత్ సంవత్సర శ్రావణమాసమున, అనగా 2022 ఆగస్టులో, నేనును నా భార్యయు గ్రీసు దేశపు ద్వీపములలో పండ్రెండు దినములు ఓడలమీద తిరిగితిమి. ఆ ముచ్చట నేడు మనవి చేసెదను.

ఈ ప్రయాణమునకు మూలము నా భార్యయే. జర్మనీలో ఉద్యోగము చేయుచున్న మా చిన్నవాని యింట రెండు నెలలుంటిమి. ఒకనాడామె, "ముప్పదియేండ్లు బడిలో యవనులు, యవనులని పాఠము చెప్పితిరి గదా. ఆ దేశము ఇచ్చటికి మూడు గంటల విమానప్రయాణమట. చూడకుండనే పోదుమా?" అనెను. సముద్రయానము తగదని మా తాతగారు చెప్పెడివారు. ఆ మాట నేనెత్తగా, "ఇంత దూరము ఎగిరి వచ్చిన తరువాతనా ఆ శంక?" అని ఆమెయే తీర్పు చెప్పినది.

ఏథెన్సు నగరపు రేవు పేరు పిరేయసు. అచ్చటి ఓడలను చూచి మన పంటును తలచుకొన్నచో నవ్వు వచ్చును. ఒక్కొక్కటి యేడెనిమిది అంతస్తుల మేడ. ఓడ తన వెనుకభాగమును గట్టువైపు త్రిప్పి, లంగరు దింపి, వంతెనవంటి పెద్ద తలుపును గట్టుమీదికి వాల్చును. ఆ నోటినుండి లారీలు, కార్లు, మోటారుసైకిళ్లు, మనుష్యులు కలిసియే దిగుదురు, కలిసియే యెక్కుదురు. దారిలోని రేవులలో ఓడ నిలుచునది కొలది నిమిషములే. కావున దిగవలసినవారు ముందుగనే సామానుతో క్రింది అంతస్తునకు వచ్చి, ఇనుపగోడల నడుమ ఆ తలుపెప్పుడు తెరచుకొనునా యని నిలువవలెను. మోకాళ్ల నొప్పులవారికి అది చిన్న పరీక్ష కాదు.

ఓడమీద జనులు మాటిమాటికి "ఓరా" అనుచుండిరి. గంట యెంత యని యడుగుచున్నారట. మన జ్యోతిషములోని హోర ఆ మాటయే. ఊరి నడుమకు పోవు బస్సుపై "కెంద్రో" యని వ్రాసియుండును. అది మన జాతకచక్రములోని కేంద్రము. ఈ రెండును మనవారు యవనులనుండి గ్రహించిన శబ్దములు. మేము తిరిగిన ద్వీపసముదాయము పేరు కిక్లాదెస్. పవిత్రమైన దేలోసు ద్వీపముచుట్టును చక్రమువలె నున్నందున ఆ పేరు వచ్చినది. వారి కిక్లోసునకును మన చక్రమునకును ధాతువొక్కటే. అయితే ఇది ఒకరినుండి ఒకరు తీసికొన్నది గాదు, అన్నదమ్ముల పోలిక. నేను ఈ సంగతి వివరించుచుండగా నా భార్య, "ఆ చర్చ తరువాత. ముందు సంచి పట్టుకొనుడు, తలుపు తెరచుచున్నారు" అనెను. నాక్సోసు వచ్చినది.

నాక్సోసులో క్రీస్తుకు పూర్వము 6వ శతాబ్దమున మొదలిడి ముగింపక విడిచిన అపోలో దేవాలయపు చలువరాతి ద్వారబంధము సముద్రపుటొడ్డున ఒంటిగా నిలిచియున్నది. గోడలు లేవు, కప్పు లేదు, వాకిలి మాత్రమున్నది. అచ్చటినుండి ఒకనాడు దేలోసునకు పోయి వచ్చితిమి. క్రీస్తుకు పూర్వము 426లో ఏథెన్సువారు ఆ ద్వీపమును శుద్ధిచేయనెంచి, అందలి సమాధులన్నిటిని త్రవ్వి ప్రక్క ద్వీపమునకు తరలించి, ఇకమీదట అచ్చట ఎవరును పుట్టరాదు, చావరాదని శాసించిరి. నిండు చూలాండ్రను, చావునకు సిద్ధమైనవారిని పడవ యెక్కించి పంపివేసెడివారు. అపోలో పుట్టిన చోటది. "తాను పుట్టిన చోట మరియొక బిడ్డ పుట్టరాదనునా ఆ దేవుడు?" అని నా భార్య యడిగెను. నేను బదులు చెప్పలేదు.

ఇక అమోర్గోసు సంగతి. నేను చెప్పదలచినది ముఖ్యముగా ఇదియే.

అమోర్గోసు ఆ చక్రమునకు తూర్పుకొసన నున్నది. రెండు రాత్రులుండి మరల నాక్సోసునకు వచ్చునట్లు ఏర్పాటు. పెద్దపెట్టెను నాక్సోసు బసలోనే విడిచితిమి. నా భార్యకు చక్కెరవ్యాధియు, రక్తపుపోటును కలవు. "మందులన్నియు వెంట నుంచుకొందము" అని ఆమె యనెను. "రెండు రాత్రులకు నెల మందులేల?" అని నేను లెక్కపెట్టి, శుక్రవారము ప్రొద్దుటివరకు సరిపడు మాత్రలను కాగితములో పొట్లము కట్టి యిచ్చితిని. పంతులు లెక్క.

బుధవారము సాయంకాలము దిగితిమి. గురువారము, సముద్రమునకు సుమారు 300 మీటర్ల యెత్తున నిట్టనిలువు కొండచరియకు తెల్లగా అంటుకొనియున్న హోజోవియోతిస్సా మఠమును చూచితిమి. అది 11వ శతాబ్దపు కట్టడము. మెట్లెక్కి వచ్చినవారికి అచ్చటివారు చల్లని నీరును, మిఠాయి ముక్కయు నిత్తురు. నా భార్య తన ముక్కను నా చేతిలో పెట్టెను. ఆ రాత్రి గాలి లేచినది.

మనకు గాలివాన యనగా మబ్బు, మెరుపు, వాన. అచ్చట తెల్లవారుసరికి ఆకాశమున మబ్బు తునుక లేదు. ఎండ నిర్మలముగా కాయుచున్నది. సముద్రము మాత్రము నురుగులు గ్రక్కుచున్నది. నిలుచున్న మనిషిని త్రోసివేయు గాలి. దానిని మెల్తేమి యందురు. ఏటేట వచ్చునది యను అర్థమున పూర్వులు ఎతేసియా యనిరి. వేసవిలో బాల్కను దేశములపై వాయుభారము హెచ్చుగను, తూర్పున అనటోలియాపై తక్కువగను ఉండుటచే ఉత్తరమునుండి ఇది వీచును. ఆ అల్పభారమనగా, మన దేశపు వాయవ్యమునుండి పడమరకు చాగియున్న వేసవి అల్పభారమునకు పడమటి కొనయే. మన చేలకు నైరృతి ఋతుపవనమును లాగికొని వచ్చునదియు ఆ అల్పభారమే. ఒకే వేడి మనకు వాననిచ్చి, వారి ఓడలను రేవున కట్టివేయుచున్నదన్నమాట.

బస యజమానురాలు నల్లచీర వంటి నల్లని దుస్తులు ధరించిన వృద్ధురాలు. ఆమె చేయి అడ్డముగా నూపుచు "అపగోరెఫ్తికో" అనెను. నిషేధమని యర్థము. గాలి బోఫోర్టు మానమున 8వ అంకెకు, అనగా గంటకు 62 కిలోమీటర్లకు చేరినచో, రేవు అధికారులు సాధారణముగా పెద్ద యోడలను సైతము కదలనీయరు. చిన్న వేగనౌకలు అంతకు ముందే ఆగిపోవును.

ఆనాడు శ్రావణ శుక్రవారము. పసుపుకుంకుమలు నాక్సోసు పెట్టెలో నున్నవి. నా భార్య నన్నొక మాటయు అనలేదు. అనినచో బాగుండెడిది. ఆ వృద్ధురాలి వాకిట సున్నము కొట్టిన డబ్బాలలో తులసివంటి మొక్కలున్నవి. వాసిలికో యందురు. మన తులసికి దగ్గరి చుట్టమే. మా ఆమె దాని యెదుట చేతులు జోడించుట చూచి ముసలమ్మ ఒక రెమ్మ త్రుంచి యిచ్చి, తన యింట దేవమాత పటము ముందు వెలుగు నూనెదీపమువంటిదే మరియొకటి గాజుగిన్నెలో వెలిగించి తెచ్చెను. అష్టోత్తరము నోటికి వచ్చినదే గదా. పూజ జరిగినది. మధ్యాహ్నము పచ్చని పప్పును మెత్తగా ఉడికించి, ఆలివునూనె పోసి, ఉల్లిపాయ చల్లి పెట్టినది. ఫావా యని దాని పేరు. "తాలింపు లేని ముద్దపప్పు" అని నా భార్య సంతోషముగా తినెను. సాయంకాలమునకు మాత్రలు లేవు.

శనివారమును ఓడ లేదు. మధ్యాహ్నమునకు నా భార్య కన్నులు తిరుగుచున్నవని పండుకొనెను. కొండమీది చోరా గ్రామమున వైద్యశాల యున్నది. బస్సులో ఎట్లో తీసికొనిపోతిని. యువతియగు వైద్యురాలు ఆంగ్లములో, "ఈమె యే మందులు వాడుచున్నది?" అని నన్నడిగెను. ఒకటి తెల్లని పెద్దమాత్ర, ఒకటి చిన్నదంటిని. ఆమె మరల అడిగెను. అమరకోశము మూడు కాండములు కంఠస్థమైన నాకు, ఇరువది యేండ్లుగా నా యెదుట నా భార్య మ్రింగుచున్న మందు పేరు తెలియదు. అప్పుడు మంచముమీదినుండి కన్నులు మూసికొనియే మా ఆమె, "మెట్‌ఫార్మిను, అయిదువందలు, రెండుపూటల. ఆమ్లోడిపిను, అయిదు, ఉదయము" అని చెప్పినది.

చక్కెరయు పోటును రెండును హెచ్చినవి. వైద్యురాలు రాత్రివరకు చూచి పంపెను. పచ్చశిలువ గుర్తుగల అంగడిలో మందులు దొరకినవి.

ఆదివారము గాలి తగ్గినది. ఓడ మూడు గంటలాలస్యముగా వచ్చినది. మరునాడు, ఆగస్టు 15, దేవమాత పండుగ. ద్వీపవాసులందరును స్వగ్రామములకు పోవుదినములు. కాలు మోప చోటు లేదు. ఒక పల్లెటూరి పిల్లవాడు లేచి నా భార్యకు తన చోటిచ్చెను. నేను నాక్సోసువరకు ఆమె ప్రక్కన నిలుచుండియే వచ్చితిని.

తరువాత శాంతోరినియు చూచితిమి. క్రీస్తుకు పూర్వము సుమారు 1600 ప్రాంతమున అగ్నిపర్వతము పగిలి ఆ ద్వీపపు నడిభాగము సముద్రములో కలిసినది. 1967నుండి అక్రోతిరి వద్ద బూడిదక్రింది పట్టణమును త్రవ్వి తీయుచున్నారు. కుండలు, మంచములు, గోడచిత్తరువులు దొరకినవి గాని మనుష్యుల కళేబరములు దొరకలేదు. భూకంపములనుబట్టి ముందే గ్రహించి వెడలిపోయిరని పండితుల యూహ. "ఆ యూరిలో ఇల్లాండ్ర మాట వినెడివారేమో" అని నా భార్య యనెను. అమోర్గోసును గూర్చి ఆమె నన్ను అన్నది ఆ యొక్క మాటయే.

విమానమునకు ముందునాడు పిరేయసు చేరునట్లు నేను మొదట ఏర్పాటు చేసియుంటిని. దానిని మార్చి రెండు దినములు ముందుగనే చేరితిమి. ఆ రెండు మందుల పేర్లును, వేళలును ఇప్పుడు నా పంచాంగపు మొదటిపుటలో వ్రాసియున్నవి.