పీర్ల పండుగ వెనుక చరిత్ర

మా చిన్నతనమున మొగల్తూరులో పీర్ల పండుగ వచ్చినదనగా పిల్లలకు నిద్ర పట్టెడిది కాదు. పట్టుగుడ్డలు చుట్టిన పీర్లు, ఊదుపొగ, డప్పుల మ్రోత, నిప్పుల గుండము, చివర బెల్లపు పానకము: మాకంతయు వేడుకయే. హిందువులును ఊదు వేసి మ్రొక్కుకొనెడివారు. ఒక సందేహము మాత్రము నన్ను వదలలేదు. సంక్రాంతి ఏటేట ఒకే ఋతువున వచ్చును గదా, ఈ పండుగ కొన్నేండ్లు వానలలోను, కొన్నేండ్లు ఎండలలోను వచ్చుటేమి? పెద్దల నడిగితిని. "అది వారి లెక్క" అనిరి. పీరు ఎవరని యడిగితిని. "దేవుడే" అనిరి.

ఆ లెక్క క్రీ.శ. 622లో మొదలైనది. అరేబియాలోని మక్కా వర్తకుల పట్టణము. అచ్చట ఖురైషు తెగలో 570 ప్రాంతమున జన్మించిన ముహమ్మదు ప్రవక్త బాల్యముననే తల్లిదండ్రులను కోల్పోయి, పెరిగి వర్తకుడై, 610 మొదలుకొని దేవుడొక్కడే యని బోధించెను. అనాథలను, పేదలను ఆదరింపుడనెను. కాబాలోని విగ్రహములకై వచ్చు యాత్రికులవలన లాభపడు పెద్దలకు ఇది కంటగింపయ్యెను. హింస మితిమీరగా ఆయన మదీనాకు తరలిపోయిన యేడే హిజరీ శకమునకు ఆది. అది కేవల చాంద్రమానము. ఏడాదికి 354 దినములు. మన పంచాంగమువలె అధికమాసము లేదు. కావుననే పండుగలు ఏటేట సుమారు 11 దినములు ముందునకు జరిగి, 33 ఏండ్లకు ఋతువులన్నియు చుట్టివచ్చును.

ప్రవక్త 632లో గతించెను. ఒక తరము లోపలనే అరబ్బుల రాజ్యము సిరియా, ఈజిప్టు, పారసీక దేశములకు వ్యాపించెను. రాజ్యముతోపాటు నాయకుడెవరను వివాదమును పెరిగెను. 680లో ప్రవక్త దౌహిత్రుడు హుసేను యజీదు అధికారమును అంగీకరింపక, ఇరాకులోని కర్బలా మైదానమున, కొలదిమంది అనుచరులతో దప్పికచే అలమటించి, మొహరము పదియవ దినమున ప్రాణములర్పించెను. మేము త్రాగిన పానకము ఆ దప్పికకు జ్ఞాపిక. మేము వేడుక యనుకొన్నది సంతాపము.

అంత దూరపు కథ మన డెల్టాకు ఎట్లు చేరినది? అరబ్బుల ఓడలు ఇస్లామునకు పూర్వమే మన దేశపు రేవులకు వచ్చుచుండెను. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవున సముద్రవర్తకులకు అభయశాసనము వేయించెను. ఏ దేశమువారైనను దానికి అర్హులే. 1324 నాటి శాసనముగల రాజమహేంద్రవరపు మసీదు మాత్రము ఢిల్లీ సేనల వెనుక వచ్చినది. పిదప గోలకొండ కుతుబుషాహీలు వచ్చిరి. వారు షియాలు, హుసేను స్మృతికి భక్తులు. హైదరాబాదు నిర్మించిన మహమ్మదు కులీయే అచ్చట బాదుషాహీ ఆషూర్‌ఖానాను కట్టించెను. 1572 ప్రాంతమున గోదావరీతీరము వారి యేలుబడిలోనికి వచ్చి, 1687 వరకు నిలిచెను. హుసేను ధ్వజములకు ప్రతీకలైన ఆలములను మన జనులు 'పీర్లు' అనిరి. పారసీకమున పీరనగా పెద్ద, గురువు, దేవుడు కాడు. ఆలములకు మ్రొక్కుటను ముస్లిములలోనే పలువురు అంగీకరింపరు.

మా పెద్దలు పొరుగువారి దుఃఖమునకు చేతులు జోడించిరి, అది మంచిదే. కాని ఆ దుఃఖమేమో ఎరుగరైరి. ఈసారి మీ వీథిని పీర్లు వచ్చునపుడు పిల్లలు ప్రశ్నించినయెడల, "అది వారి లెక్క" అని త్రోసివేయకుడు. 622, 680 అను రెండు సంవత్సరముల కథ చెప్పుడు.