బడి చేతిలో నాలుగు పైసలుండాలి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

స్వర్ణోత్సవ గుర్తుగా బడికి ఏం కట్టిద్దామని చర్చ నడుస్తోంది. కమాను అని కొందరు, వేదిక అని కొందరు అంటున్నారు. ఇంజనీరును కాబట్టి నన్నూ కట్టడాల గురించే అడిగారు. నేను మాత్రం బడి ఖర్చుల గురించి మాట్లాడతాను.

జీతాలు, పాఠ్యపుస్తకాలు, మధ్యాహ్న భోజనం ప్రభుత్వమే చూసుకుంటుంది. అది అట్లాగే ఉండాలి. ఊరి స్తోమతను బట్టి బడి నడిస్తే ఉన్నవాళ్ల ఊరికే మంచి బడి దక్కుతుంది.

అయితే బడి తన అవసరం చూసి ఖర్చు పెట్టుకునే సొమ్ము ఎంత? సమగ్ర శిక్ష కింద 251 నుంచి 1000 మంది పిల్లలున్న బడికి ఏడాది గ్రాంటు 75,000 రూపాయలు. 300 మంది ఉంటే తలకు 250. అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకే వాడాలి. సుద్దముక్కలు, రిజిస్టర్లు, ప్రయోగశాల సామాన్లు, చిన్న రిపేర్లు అన్నీ మిగిలిన దాంట్లోనే. పైగా 2021లో వచ్చిన పద్ధతిలో ఈ సొమ్ము బడి ఖాతాలో నిల్వ ఉండదు. పైనున్న ఒకే ఖాతా నుంచి, ఇచ్చిన పరిమితి మేరకు వాడుకోవాలి. దీనివల్ల లెక్క పక్కాగా ఉంటుంది, నిజమే. కానీ ఈ ఏడు కొంత మిగిల్చి వచ్చే ఏడు బోరు మోటారు కొందామంటే కుదరదు.

సాగర్ ఎడమ కాలువ కింద బతికే మనకు ఇది తెలియని సంగతి కాదు. డ్యాం దగ్గర నీళ్లు వదిలేది ప్రభుత్వమే. ఏ మడికి ఎప్పుడు పారాలో మాత్రం రైతుకే తెలుసు. 1997లో నీటి సంఘాల చట్టం తెచ్చింది అందుకే. మరుసటి ఏడే బడులకు విద్యా కమిటీల చట్టం వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలంది. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. కమిటీలకు కొదవ లేదు. అవి సొంతంగా నిర్ణయించుకునే సొమ్మే తక్కువ.

అందుకే నా ప్రతిపాదన ఇది. మనమంతా కలిసి పది లక్షలు బ్యాంకులో డిపాజిట్ చేద్దాం. ఏడు శాతం వడ్డీ వచ్చినా ఏటా 70,000. అంటే దాదాపు ఇంకో గ్రాంటు. అసలు మన సంఘం పేరునే ఉంటుంది. వడ్డీ దేనికి వాడాలో హెడ్మాస్టరు, తల్లిదండ్రుల కమిటీ తీర్మానిస్తారు. మనం వేలు పెట్టొద్దు. ప్రతి రూపాయి లెక్కా నోటీసు బోర్డు మీద ఉండాలి. జీతాలకు, భవనాలకు మాత్రం వాడొద్దు. ప్రభుత్వం మోయాల్సిన బరువు మనం ఎత్తుకుంటే అది మళ్లీ మన నెత్తి మీదినుంచి దిగదు.

దీనికి శిలాఫలకం ఉండదు. కానీ నల్లా చెడితే వారంలో బాగవుతుంది. నల్లగొండ సైన్స్ ఫెయిర్‌కు ఎంపికైన పిల్లకు బస్సు ఛార్జీ బడే ఇస్తుంది.

కమాను వద్దనడం లేదు. ముందు డిపాజిట్ చేద్దాం, మిగిలితే కమాను కడదాం. సర్వసభ్య సమావేశంలో దీన్ని తీర్మానంగా పెట్టాలని అధ్యక్ష, కార్యదర్శులను కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.