కరెంటు పోయి వచ్చాక లేచే సర్వర్

ఈ హాల్లో ముందు వరసల్లో రాజమండ్రి తాడితోట బట్టల వర్తకులున్నారు, ఆడిటర్లున్నారు, నర్సింగ్ హోములు నడిపే డాక్టర్లున్నారు. వెనక వరసల్లో ఇంజినీరింగ్, డిగ్రీ పిల్లలున్నారు. ముందు వరసల వాళ్ల దగ్గర సర్వర్లున్నాయి, చూసుకునే మనిషి లేడు. వెనక వరసల వాళ్లు సర్వర్ పరీక్షలకు చదువుతున్నారు, ముట్టుకోవడానికి సర్వర్ లేదు. ఇవాళ నేను మాట్లాడేదంతా ఈ రెండు వరసల గురించే. ఆ పరీక్షలకు సరైన చదువు మన బజార్లోనే ఉందని నా నమ్మకం.

చిన్న వ్యాపారం పేరుతోనే ఒకప్పుడు ఒక సర్వర్ ఉండేదండి, మైక్రోసాఫ్ట్ వాళ్ల స్మాల్ బిజినెస్ సర్వర్. మొదటిది 1997లో వచ్చింది. మెయిలు, ఫైళ్లు, లాగిన్లు, ప్రింటర్లు అన్నీ ఒకే పెట్టెలో. 2003 వెర్షన్‌ని 75 మంది దాకా వాడుకోవచ్చు. చిన్న, మధ్య తరహా వ్యాపారాల కోసం 70-282 అనే పరీక్ష, తర్వాత 2008 వెర్షన్‌కి 70-653 అనే పరీక్ష పెట్టారు. ఆ పరీక్షలంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. పెద్ద కంపెనీలో మెయిలుకొకరు, నెట్‌వర్కుకొకరు, బ్యాకప్‌కొకరు ఉంటారు. పదిహేను మంది పనిచేసే చోట అన్నిటికీ ఒక్కడే. ఆ ఒక్కడికి ఏం తెలిసి ఉండాలో అడిగిన పరీక్షలవి. 2012లో ఆ సర్వర్‌కి స్వస్తి చెప్పి, దాని స్థానంలో 25 మందికి సరిపోయే ఎసెన్షియల్స్ అనే ఎడిషన్ తెచ్చారు. ఎంసీఎస్ఏ, ఎంసీఎస్ఈ అని మనం గొప్పగా చెప్పుకున్న సర్టిఫికెట్లు కూడా 2021 జనవరి 31తో ఆగిపోయాయి. ఇప్పుడు విండోస్ వైపు ఏజెడ్-800, ఏజెడ్-801 అనే రెండు పరీక్షలు రాయాలి. వాటిలో క్లౌడ్ సంగతులు చాలానే ఉంటాయి. లినక్స్ వైపు రెడ్ హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్ఏ ఉంది. చిన్న దుకాణం పేరు పెట్టుకున్న పరీక్ష ఇప్పుడు లేదు గానీ చిన్న దుకాణం ఎక్కడికీ పోలేదు. అన్నీ తెలిసిన ఆ ఒక్క మనిషి అవసరమూ తీరలేదు.

పిల్లలు నన్ను ముందుగా అడిగేది ఏ పరీక్ష రాయాలని. మన ఊళ్లో ట్యాలీ నడిచే చోటల్లా విండోసే కదా, లినక్స్ ఎందుకండీ అంటారు. అయినా నేను ముందు ఆర్‌హెచ్‌సీఎస్ఏకి తయారవమంటాను. అందులో టిక్కు పెట్టే ప్రశ్నలు ఉండవు. మూడు గంటలు మిషను నీ ముందు ఉంటుంది, చెప్పిన పని చేసి చూపించాలి. 300కి 210 రావాలి. పేపరు దిద్దే ముందు నీ మిషన్ని రీబూట్ చేస్తారు. మళ్లీ లేచాక ఏది నిలబడితే దానికే మార్కులు. ఆపి వేసేసరికి మాయమైపోయే పనికి ఒక్క మార్కు కూడా రాదు. ఎండాకాలం మధ్యాహ్నం మూడింటికి మన బజార్లో కరెంటు పోయి వచ్చినప్పుడు జరిగేది అచ్చంగా అదే పరీక్ష.

ఒక్క ఉదాహరణ కాస్త దగ్గరగా చూపిస్తాను. కొత్త డిస్కుని ఒక ఫోల్డర్‌కి తగిలించమంటారు. మౌంట్ కమాండ్ కొడితే తగులుకుంటుంది, ఫైళ్లు కాపీ అవుతాయి. పిల్లాడు సంతోషంగా తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతాడు. మిషను లేచిన ప్రతిసారీ ఆ డిస్కు తగులుకోవాలంటే ఎఫ్‌స్టాబ్ అనే ఫైల్లో ఒక వరస రాయాలి. రాయకపోతే రీబూట్ తర్వాత ఆ ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తుంది. డిస్కులో సరుకు ఉంటుంది, దారి ఉండదు. రాసేటప్పుడు ఒక్క అక్షరం తప్పిందంటే మిషను సగంలో ఆగి ఎమర్జెన్సీ మోడ్ అని నిలబడుతుంది. అందుకని రాసిన వెంటనే మౌంట్ మైనస్ ఏ కొట్టి చూసుకోవాలి. తప్పుంటే చాలావరకు అక్కడే బయటపడుతుంది. ఆ తర్వాతే రీబూట్. ఈ అలవాటు వేళ్లకి పట్టాలి. పుస్తకంలో గీత గీసుకుంటే పట్టదు. పట్టినవాడు విండోస్ సర్వర్ ముందు కూర్చున్నా అలాగే పనిచేస్తాడు.

ఇంట్లో ల్యాబు పెట్టుకోవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. 16 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్ ఒకటి చాలు. వర్చువల్‌బాక్స్ ఉచితం. రెడ్ హ్యాట్‌ని పోలిన ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ ఉచితం. విండోస్ సర్వర్‌ని 180 రోజులు ప్రయోగానికి వాడుకోమని మైక్రోసాఫ్టే ఇస్తుంది. ఒక సర్వరు, రెండు కంప్యూటర్లు ఉన్న దుకాణాన్ని ఆ పెట్టెలోనే కట్టుకోవచ్చు. కట్టాక పాడుచేయాలి, మళ్లీ బాగుచేయాలి. ఈ పాడుచేసే భాగాన్ని మన కోచింగ్ సెంటర్లలో చాలావరకు వదిలేస్తున్నారు. అది నాకు బాధగా ఉంటుంది. ఇన్‌స్టాల్ చేయడం మాత్రమే నేర్చినవాడు అంతా బాగున్న రోజున పనికొస్తాడు. వర్తకుడు వాణ్ణి పిలిచేదేమో అంతా బాగోలేని రోజున.

ఏమని పాడుచేయాలి? మన బజారే చెబుతుంది. పొద్దున పదింటికి క్యాష్ కౌంటర్ అమ్మాయి పాస్‌వర్డ్ కొడుతుంది, లోపలికి వెళ్లదు. పాస్‌వర్డ్ సరైనదే. ముందురోజు ఇంటర్నెట్ మెల్లగా ఉందని ఎవరో వచ్చి ఆ కంప్యూటర్లో డీఎన్ఎస్ దగ్గర 8.8.8.8 అనే బయటి అడ్రస్ పెట్టి వెళ్లారు. గూగుల్ తెరుచుకుంటోంది కాబట్టి నెట్‌వర్క్ బాగుందనే అందరూ అనుకుంటారు. కానీ దుకాణం లోపలి సర్వర్ పేరు బయటి డీఎన్ఎస్‌కి తెలియదు. లాగిన్ ఒప్పుకోవాల్సిన సర్వర్ ఎక్కడుందో ఆ కంప్యూటర్‌కి చెప్పే నాథుడే లేడు. విండోస్ పరీక్షల్లో ఈ లాగిన్లు చూసే యాక్టివ్ డైరెక్టరీ మీద ప్రశ్నలు ఎన్నో చివరికి డీఎన్ఎస్ దగ్గరికే వస్తాయి.

ఇంకో రోజు మళ్లీ లాగిన్ పేచీయే, కారణం వేరు. కౌంటర్ కంప్యూటర్ మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ, సీఆర్ 2032, అయిపోయి ఉంది. రాత్రి కరెంటు పోయి వచ్చేసరికి ఆ కంప్యూటర్ గడియారం ఏళ్ల వెనక్కి పోయింది. డొమైన్‌లో లాగిన్‌కి వాడే కెర్బరోస్ పద్ధతిలో సర్వర్ టైముకీ కంప్యూటర్ టైముకీ మధ్య 5 నిమిషాల తేడా దాకానే మామూలుగా ఒప్పుకుంటారు. ఈ 5 నిమిషాల సంగతి పరీక్షకు చదివే ప్రతివాడికీ నోటికొచ్చు. ఒక బ్యాటరీ మారిస్తే దుకాణం తెరుచుకుంటుందని మాత్రం తట్టదు. మరో రోజు ఎవరో వైఫై కోసం ఇంకో రౌటర్ తెచ్చి తగిలిస్తే అదీ ఐపీ అడ్రసులు పంచడం మొదలుపెడుతుంది, సగం కంప్యూటర్లు సర్వర్‌ని మర్చిపోతాయి. ఇవన్నీ మీ ల్యాబులో మీరే కావాలని తెచ్చిపెట్టుకోండి. కారణం తెలియనట్టు మొదటినుంచీ వెతకండి. మీ స్నేహితుడు పాడుచేసి మీరు వెతికితే మరీ మంచిది.

ఇక బ్యాకప్. ముందు వరసల వాళ్లు కూడా ఇది శ్రద్ధగా వినండి. సర్వర్లో రెండు డిస్కులు జంటగా నడుస్తున్నాయి, ఒకటి పోయినా ఇంకోటి ఉందని చాలామంది ధైర్యంగా ఉంటారు. దాన్ని రైడ్ అంటారు, బ్యాకప్ అనరు. గుమాస్తా పొరపాటున కంపెనీ ఫోల్డర్ చెరిపేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి చెరిగిపోతుంది. వైరస్ ఫైళ్లకి తాళం వేస్తే రెండింట్లోనూ వేస్తుంది. సర్వర్‌కి ఎప్పుడూ గుచ్చి ఉంచిన యూఎస్‌బీ డిస్కుకీ అదే గతి. 2017 మే 12న అలా తాళం వేసే వానాక్రై అనే వైరస్ వచ్చినప్పుడు మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్ ఆ ఏడాది మార్చి 14నే విడుదలైంది. దాదాపు రెండు నెలలు అప్‌డేట్ అందుబాటులో ఉండి కూడా ప్రపంచమంతా లక్షల కంప్యూటర్లు పడిపోయాయి. మీ సర్వర్ మీద 2012 అని రాసి ఉంటే దాని మామూలు అప్‌డేట్లు 2023 అక్టోబర్ 10తో అయిపోయాయి. 2016 అయితే 2027 జనవరి 12 గడువు. ఇవాళ ఇంటికెళ్లగానే చూసుకోండి.

మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి దుకాణానికి దూరంగా వేరే చోట. పుస్తకాల్లో ఉన్న నియమం ఇదే, మంచిదే. దానికి ఒక పని నేను కలుపుతాను. నెలకొకసారి ఆ బ్యాకప్‌ని వేరే కంప్యూటర్లో రీస్టోర్ చేసి, ట్యాలీ తెరిచి, చివరి బిల్లు నంబరు చూడండి. బ్యాకప్ తీసిన రోజు కౌంటర్లో కొట్టిన చివరి బిల్లు నంబరుతో అది కలవాలి. బ్యాకప్ విజయవంతం అని తెర మీద వచ్చే ఆకుపచ్చ గుర్తుని నమ్మి కూర్చోవద్దు. పరీక్షల్లో ఆర్‌పీఓ, ఆర్‌టీఓ అని రెండు మాటలు అడుగుతారు. వర్తకుడి దగ్గరికొస్తే అవి రెండు ప్రశ్నలు. ఎంతసేపటి లెక్క పోతే తట్టుకోగలరు? ఎంతసేపట్లో మళ్లీ బిల్లు కొట్టాలి? దసరా ముందు వారం బట్టల కొట్టు చెప్పే జవాబు వేరు, నర్సింగ్ హోం చెప్పేది వేరు. భీమవరం వైపు రొయ్యల ప్లాంటులో ఏ చెరువు సరుకు ఏ లాటులోకి వెళ్లిందో లెక్క చూపించకపోతే ఎగుమతే ఆగుతుంది. పిల్లలూ, ఈ మూడు చోట్లా వెళ్లి అడిగి రాసుకోండి. ఆ రెండు మాటలూ ఇక మర్చిపోరు.

ఏ డెల్టాలో అయినా నీళ్ల సంగతి చెప్పకుండా సర్వర్ పాఠం పూర్తి కాదు, మన గోదావరి డెల్టాలో మరీను. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర వరద 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. అమెరికాలో రాసిన పుస్తకంలో విపత్తు ప్రణాళిక అనే అధ్యాయం భూకంపంతోనో అగ్ని ప్రమాదంతోనో మొదలవ్వచ్చు. మనకి బ్యారేజీ దగ్గర మూడు హెచ్చరికలు ఉన్నాయి. 11.75 అడుగులకి మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది. కోనసీమలో, లంకల పక్కన వ్యాపారం ఉన్నవాళ్లు ప్రణాళికని ఈ మూడు అంకెల మీద రాసుకోండి. మొదటి హెచ్చరికకి తాజా బ్యాకప్ తీసి, ఆ డిస్కు మెరక ఊళ్లో చుట్టాలింటికి పంపాలి. రెండోదానికి సర్వర్‌ని పద్ధతిగా షట్‌డౌన్ చేసి, వైర్లకి పేర్ల చీటీలు అంటించి, మేడమీదికి చేర్చాలి. మూడోదాని వేళకి అక్కడ మనిషే ఉండకూడదు. ఇది ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి. రాజమండ్రి వాళ్లకి కూడా ఒక మాట. కౌంటర్ కింద నేలమీద సర్వర్ పెట్టకండి. పల్లపు వీధిలో ఒక్క గట్టి వాన చాలు.

చట్టం సంగతి ఆడిటర్లు నాకన్నా బాగా చెప్పగలరు, అందుకని క్లుప్తంగా. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి. కంపెనీ అయితే ఎలక్ట్రానిక్ ఖాతాల బ్యాకప్ రోజూ మన దేశంలోని సర్వర్లో ఉండాలి. లెక్కల్లో ఎవరు ఎప్పుడు ఏం దిద్దారో చూపే ఎడిట్ లాగ్ కంపెనీలకి 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు సైబర్ దాడిని 6 గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. నేను చెప్పిన సర్వర్ పరీక్షల సిలబస్‌లో ఇవి లేవు. మన దగ్గర పనిచేసేవాడికి మాత్రం తెలిసి ఉండాలి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. డంపులు అనే పేరుతో అసలు ప్రశ్నలు దొంగచాటుగా అమ్ముతుంటారు. పిల్లాడు త్వరగా పాసవ్వాలని కొనివ్వకండి. అది పరీక్ష నిబంధనలకు విరుద్ధం, దొరికితే వచ్చిన సర్టిఫికెట్ కూడా రద్దు చేయవచ్చు. దానికన్నా పెద్ద నష్టం, వాడు ఏదో ఒక నర్సింగ్ హోంలో సర్వర్ పడిపోయిన రాత్రి నిలబడాల్సి వస్తుంది. అక్కడ నాలుగు జవాబుల్లోంచి ఎంచుకోమని ఎవరూ అనరు. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు ఏజెడ్ పరీక్షల్లో పేజీడు ఇంగ్లీషు చూసి హడలిపోతారు. భయపడకండి. ముందు చివరి వాక్యం చదవండి, అడిగింది అక్కడుంటుంది. అప్పుడు పైకెళ్లి కావలసిన అంకెలు, పేర్లు ఏరుకోండి. వెయ్యికి 700 వస్తే చాలు. ల్యాబులో చేసిన పని గురించి అడిగితే ఇంగ్లీషు అడ్డు సగం తొలగిపోతుంది.

చివరిగా వర్తకులకి. మీలో ఒక్కొక్కరు వెనక వరసల్లోంచి ఒక్కొక్కరిని పిలవండి. నడుస్తున్న సర్వర్ మీద చెయ్యి వేయనివ్వక్కర్లేదు. అటక మీద పడున్న పాత కంప్యూటర్ ఇచ్చి, మీ బ్యాకప్‌ని మీ కొట్లోనే, మీ కళ్లముందే దాన్లోకి రీస్టోర్ చేయమనండి. చేసిన పనికి డబ్బివ్వండి, ఊరికే చేయించుకోకండి. మీ లెక్కలు బయటికి పొక్కనివ్వనని కాగితం రాయించుకోండి. సర్వర్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ మాత్రం రెండు కవర్లలో పెట్టి సీలు వేయండి. ఒకటి మీ బీరువాలో, ఇంకోటి మీ ఆడిటర్ దగ్గర ఉండాలి. చేసే కుర్రాడికి తన పేరుతో వేరే లాగిన్ ఇవ్వండి. పనిమానేసిన రోజున దాన్ని ఆపేయించండి. ఆ కవరు విప్పాల్సి వస్తే విప్పిన తేదీ, విప్పినవాళ్ల పేరు రాసి, అదే రోజు పాస్‌వర్డ్ మార్చి కొత్త కవరు వేయండి. ఇక అడగండి, మీ కొట్లో ఉన్న ఇబ్బందులతోనే మొదలుపెడదాం.