చేతికుట్టు ఈద్ కానుక
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



పాచిపెంట సభలో కుట్టుపని గురించి మాట్లాడతామంటే, ఉర్దూ పంతులుకు సూదీదారంతో ఏం పని అని మీరు నవ్వుకోవచ్చు. పని ఉంది. ముందుగా ఒక తప్పు ఒప్పుకోవలసి ఉంది.

మేము హైస్కూల్లో చదివే రోజుల్లో మా ఆపా రంజాన్ నెలంతా రాత్రిళ్లు కూర్చుని మాకొక జేబురుమాలు కుట్టింది. మూలన నెలవంక, నక్షత్రం, వాటికింద మా పేరు. అంతా క్రాసు కుట్టే. ఈద్ నాడు చేతిలో పెడితే, "బజార్లో ఇంతకంటే మంచివి దొరుకుతాయి గదా" అనేశాము. ఆపా ఏమీ అనలేదు. మరుసటి ఏడు కుట్టనూ లేదు. ఆ మాట మాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది.

అసలు ఆ పనెంతో మాకు అప్పుడు తెలియదు. మాటీ గుడ్డమీద గళ్లు లెక్కపెట్టి, ఒక్కో గడిలో రెండు వాలు కుట్లు, గుణకారం గుర్తులాగా ఒకదానిమీద ఒకటి వేయాలి. అంగుళానికి 14 గళ్లున్న గుడ్డమీద 42 గళ్ల బొమ్మ సరిగ్గా 3 అంగుళాలు వస్తుంది. ఆ చదరమంతా నింపితే 1,764 గుర్తులు, అంటే 3,528 వాలు కుట్లు! ఆరు పోగుల దారంలో రెండు పోగులే విడదీసి వాడాలి. పైకుట్టు అన్నిచోట్లా ఒకేవైపు వాలాలి. లేకుంటే దారం మెరుపు చెదిరిపోతుంది. ఒక్క గడి తప్పితే నక్షత్రం కొన వంకర పోతుంది. ఇంతకంటే మంచి లెక్కల పాఠం ఏముంటుంది?

మన కొండలకు అవతల, రాయగడ వైపు నియమగిరిలో డోంగ్రియా కోందు ఆడపడుచులు కప్డాగండా అనే శాలువ కుడతారు. ముతక గుడ్డమీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో గీతలు, త్రికోణాలు. తమ కోసం కుట్టుకుంటారు, ఇష్టమైనవారికి, ఇంటివారికి కానుకగా ఇస్తారు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. కర్ణాటక కసూతిలో మన క్రాసు కుట్టును మెంతిగింజ పేరుతో 'మెంతి' అంటారు. పాలస్తీనా ఆడవారి తత్రీజ్‌లోనూ ఈ కుట్టే ప్రధానం. ఆ కళను 2021లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. లోకం ఇంత గౌరవమిచ్చే పనిని మన ఇళ్లలో ఏమంటాము? "ఖాళీగా ఉంది, ఏదో కుట్టుకుంటోంది" అంటాము!

ఈ మాట చిన్నది కాదు. నరసాపురం లేసు అల్లే ఆడవారి మీద మరియా మీస్ అనే జర్మనీ పరిశోధకురాలు 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. గృహిణి తీరిక వేళ కాలక్షేపమని పేరుపెట్టి ఆ శ్రమకు సరైన కూలి లేకుండా చేశారని ఆమె చూపించారు. కానుకకు వెల కట్టవద్దు, నిజమే. కాని కష్టాన్ని లెక్కలోంచి తీసేయవద్దు. పక్కింటి అమ్మాయిచేత కుట్టించుకుంటే గుడ్డకు, దారానికే కాదు, ఆమె గంటలకు కూడా డబ్బివ్వండి.

ఇక మా మనవి ఒకటుంది. వచ్చే ఈద్‌కు ప్రతి ఇంట్లో ఒక్క వస్తువైనా చేత్తో చేయండి. జుజ్దాన్ అయినా సరే, ఈదీ డబ్బు పెట్టే చిన్న బటువా అయినా సరే. తలుపుకు కట్టే నెలవంక ఇంకా సులువు. బొమ్మ కుట్టి, వెనక మరో గుడ్డ జతచేసి, మూడువైపులా మూసి, కాస్త దూది కూరి, నాలుగోవైపు మూసేటప్పుడు పైన దారం ఉచ్చు పెడితే అయిపోయింది. ఇది ఆడపిల్లలకే అప్పగించకండి. మగపిల్లలూ సూది పట్టాలి. పడితేనే అక్కచెల్లెళ్ల కష్టం తెలుస్తుంది.

ఆ మాట చెప్పేముందు మేమే కుట్టి చూశాము. మొన్నటి ఈద్‌కు ఒక చిన్న నక్షత్రం కుట్టడానికి మాకు పదకొండు రాత్రులు పట్టింది, రెండుసార్లు విప్పాము కూడా. తీసుకెళ్లి ఆపాకు ఇచ్చాము. ఆమె దాన్ని తిరగేసి, వెనకవైపు చిక్కులు చూసి, "పంతులుగారూ, మీకు సున్నా మార్కులు" అని పకపకా నవ్వింది. నవ్వి, లేచి, తన వాకిలి తలుపుకు తగిలించింది.

వచ్చే ఏడు మీ వాకిళ్లలోనూ అటువంటివి చూడాలని మా కోరిక. సెలవు. ఖుదా హాఫిజ్.