తక్కువ రేటుకే కొన్నాం... కానీ ఏం కొన్నాం?

ఈ రోజు టాపిక్ ప్రొక్యూర్‌మెంట్. అంటే ఒక వ్యాపారానికి కావాల్సిన సరుకు కొనడం. "ఇదేం బోరింగ్ సబ్జెక్ట్" అనుకుంటున్నారా? ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. మీ చేతికి వచ్చే వస్తువు మంచిదా కాదా అన్నది చాలాసార్లు ఆ కంపెనీ ముడిసరుకు కొన్నరోజే తేలిపోతుంది.

బీటెక్ అయ్యాక నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశానని మీకు తెలుసు కదా. అక్కడ మా టీమ్ చేసింది కొనుగోళ్ల సాఫ్ట్‌వేరే. అందులో రివర్స్ ఆక్షన్ అని ఒక మాడ్యూల్ ఉండేది. మామూలు వేలంలో రేటు పైకి పోతుంది, ఇందులో కిందికి పోతుంది. సరుకు అమ్మేవాళ్లంతా ఆన్‌లైన్‌లో కూర్చుని ఒకరికంటే ఒకరు తక్కువ కోట్ చేయాలి. ఎవరు తక్కువ అంటే వాళ్లకే ఆర్డర్. పక్కనే స్క్రీన్ మీద పచ్చరంగులో "సేవింగ్స్" అని ఒక నంబర్ కనిపిస్తుంది. ఆ నంబర్ వచ్చేలా కోడ్ రాసింది నేనే. డెమోలో అది పెరుగుతుంటే అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు. నేను కూడా.

ఇక్కడ మడికొండ వైపు మా మేనమామకి అట్టపెట్టెల యూనిట్ ఉంది. చిన్నది, పదిమంది లోపే పనివాళ్లు. ఒక పెద్ద కంపెనీకి ఏళ్ల తరబడి ఐదు పొరల పెట్టెలు సప్లై చేశాడు. ఒక ఏడాది వాళ్లు కూడా రివర్స్ ఆక్షన్ పెట్టారు. నేను రాసిన సాఫ్ట్‌వేర్ కాదు, కానీ అచ్చం అలాంటిదే. ఆర్డర్ పోతుందన్న భయంతో మామ రేటు దించుతూ పోయాడు. చివరికి ఆర్డర్ వచ్చింది, కానీ ఆ రేటుకి పాత పెట్టె రాదు. అందుకని తక్కువ జీఎస్ఎం కాగితం వాడాడు. చూడ్డానికి అదే పెట్టె, అవే ఐదు పొరలు. వానాకాలం వచ్చింది. గోదాములో ఒకదాని మీద ఒకటి పేర్చితే కింది వరుస కుంగిపోయింది, లోపల సరుకు పగిలింది. కస్టమర్లు వాపస్ పంపారు. కంపెనీ మామ బిల్లులో కోత పెట్టి, మిగతా డబ్బు నెలల తరబడి ఆపింది.

ఒకరోజు మామ నన్ను అడిగాడు, "గంత పెద్ద కంపెనీకి నా పైసలు ఒక లెక్కనా అల్లుడా? ఎందుకు ఆపుతరు?" అని. నేనేం చెప్పాలి? పేమెంట్ ఎంత ఆలస్యంగా ఇస్తే అంత లాభం అని చూపించే రిపోర్ట్ కూడా మా సాఫ్ట్‌వేర్‌లో ఉండేది.

తప్పు మామదా? కాగితం మార్చింది తనే, అది తప్పే. కానీ ఆ కంపెనీ పెట్టె గట్టిదనానికి డబ్బివ్వలేదు, తక్కువ రేటుకే ఆర్డర్ ఇచ్చింది. దేనికి డబ్బిస్తే అదే వస్తుంది. నాకు ఇది బాగా అర్థమైంది ఏ మేనేజ్‌మెంట్ పుస్తకంలోనో కాదు, పాల దగ్గర.

మన హన్మకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలో ముల్కనూరు ఉంది కదా. 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి గారి చొరవతో అక్కడ సహకార సంఘం మొదలైంది. తర్వాత అదే ఊళ్లో 2000లో మహిళల డెయిరీ వచ్చింది. "స్వకృషి" పాల ప్యాకెట్ మీలో చాలామంది కొనే ఉంటారు. ఆ డెయిరీకి ఓనర్లు ఎవరో కాదు, పాలు పోసే ఆడవాళ్లే.

పాలు లీటర్ల లెక్కన మాత్రమే కొంటే ఏమవుతుంది? నీళ్లు కలిపినవాడికీ అదే రేటు, చిక్కటి పాలు పోసినామెకీ అదే రేటు. కొన్నాళ్లకి అందరూ నీళ్లే కలుపుతారు. అందుకే సహకార డెయిరీలు రెండు కొలతలు చూస్తాయి. ఒకటి ఫ్యాట్, అంటే వెన్న శాతం. రెండోది ఎస్ఎన్ఎఫ్, అంటే వెన్న కాకుండా పాలలో ఉండే మిగతా ఘనపదార్థం. ఈ రెండిటిని బట్టే రేటు. కస్టమర్ వైపు కూడా ఇవే కొలతలు. ప్యాకెట్ మీద టోన్డ్ మిల్క్ అని రాయాలంటే రూల్ ప్రకారం ఫ్యాట్ కనీసం 3 శాతం, ఎస్ఎన్ఎఫ్ 8.5 శాతం ఉండాలి. అంటే కస్టమర్‌కి ఏం కావాలో ఊళ్లో పాలు పోసే దగ్గర కూడా దాన్నే కొలుస్తున్నారు. మంచి దాణా పెడితే బిల్లు పెరుగుతుందని పాలు పోసే ఆమెకి తెలుసు. పాలు 4 డిగ్రీలకి త్వరగా చల్లబరిస్తే మన ఇంట్లో విరగవని డెయిరీకి తెలుసు. బిల్లు కూడా సహకార డెయిరీల్లో మామూలుగా పది, పదిహేను రోజులకి వచ్చేస్తుంది.

అయితే కొలత ఒక్కటే సరిపోదండి. మన ఏనుమాముల మార్కెట్‌కి పత్తి తెచ్చిన రైతుని అడగండి. తేమ 8 శాతం దాటితే సీసీఐ రేటు తగ్గిస్తుంది, 12 దాటితే అసలు కొనదు. రూల్ సరైనదే. కానీ మీటర్ ఎదుటివాడి చేతిలో ఉంటే రైతుకి గుండె దడే. కొలత అమ్మేవాడి కళ్లముందు జరగాలి, రీడింగ్ అతనికి కనబడాలి. అప్పుడే నమ్మకం.

ప్రభుత్వం కూడా ఈ విషయంలో కొంచెం మారింది. టెండర్లలో ఎల్1, అంటే అందరికంటే తక్కువ కోట్ చేసినవాడికే పని ఇవ్వడం పాత పద్ధతి. 2021 అక్టోబర్‌లో కేంద్ర ఆర్థిక శాఖ కొన్ని రకాల పనుల్లో నాణ్యతకి కూడా మార్కులు వేయొచ్చని చెప్పింది. 30 శాతానికి మించకుండా. చిన్న అడుగే, కానీ అడుగే కదా.

మీరు కిరాణా షాపు నడిపినా, హోటల్ నడిపినా, కంపెనీలో పర్చేజ్ చూసినా నాలుగు పనులు చేయండి. ఒకటి, కస్టమర్‌కి ఏది ముఖ్యమో దాన్ని కొలిచేలా ఆర్డర్‌లోనే రాయండి. "మంచి పెట్టె" అని కాదు, ఇంత జీఎస్ఎం, ఇంత బరువు మోయాలి అని. రెండు, సరుకు దించేటప్పుడే, అమ్మేవాడి ముందే చెక్ చేయండి. మూడు, రేటు పక్కన వాపస్ వచ్చినవి, పగిలినవి, ఆలస్యమైనవి కూడా కలిపి లెక్కేయండి. పచ్చరంగు నంబర్ అప్పుడు ఎర్రగా మారొచ్చు. నాలుగు, పేమెంట్ తేదీ చెప్పండి, చెప్పినరోజు ఇవ్వండి.

ఈ నాలుగోది దయ కాదు, చట్టం. 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకి రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు వడ్డీ. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఇంకోటి వచ్చింది. ఆ గడువు దాటిన బిల్లుని కంపెనీ ఆ ఏడాది ఖర్చుగా చూపించలేదు, డబ్బు ఇచ్చిన ఏడాదే చూపించాలి. కాబట్టి చిన్న యూనిట్ ఉన్నవాళ్లు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ తప్పక చేయించుకోండి. పేమెంట్ ఆలస్యమైతే ఫిర్యాదు పెట్టే అవకాశం ఉంది.

ఇవన్నీ నేను మామకి చెప్పాను. అంతా విని, "కేసు పెడితే పైసలు వస్తయేమో గానీ, ఆ ఆర్డర్ మళ్ల రాదు అల్లుడా" అన్నాడు. పెట్టలేదు. బాకీ ఇంకా కొంత అలాగే ఉంది. ఇద్దరు పనివాళ్లని మాన్పించాడు. అందుకే ఈ ఎపిసోడ్ అమ్మేవాళ్ల కోసం కంటే కొనేవాళ్ల కోసం చేశాను. అమ్మేవాడు అడగలేని చోట మార్పు కొనేవాడే మొదలుపెట్టాలి.

ఇవాళ మీ దగ్గర ఎవరిదైనా చిన్న సప్లయర్ బిల్లు పెండింగ్‌లో ఉందేమో ఒకసారి చూడండి. ఉంటే ముందు అది క్లియర్ చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ, నమస్తే.