అణువుల కుడియెడమలు

దక్షిణావర్త శంఖమును గూర్చి మీలో పలువురు వినియుందురు, చూచినవారు కొందఱే. మన దేవతార్చనలలో సాధారణముగ నుండునది వామావర్తము. ఎట్లు త్రిప్పిపెట్టినను ఒకటి రెండవది కానేరదు. అద్దమున మాత్రము వామావర్తము దక్షిణావర్తమై తోచును. అణువులలోను ఇట్టి జోడులు కలవు. ఈ లక్షణమును వాటమని పిలుతము.

దూలగొండి గింజలలోని డోపా అను పదార్థము ఎడమవాటముది. కంపవాతమునకు వైద్యులొసగునదియు నదియే. దాని కుడిజోడు ఆ రోగమున ఫలింపదు. కావున వాటము నెఱుగుట వినోదము కాదు, ప్రాణావసరము.

ఫ్రాన్సు దేశీయుడగు బియో, ఒకే తలమున కంపించు కాంతిని కొన్ని ద్రవములు ప్రక్కకు త్రిప్పునని 1815లో కనుగొనెను. 1848లో పాశ్చరు కుడియెడమల స్ఫటికములను చేతితో ఏఱి వేఱుచేసెను. చక్కెర కర్మాగారములలో నేటికిని జానెడు గొట్టమున రసము పోసి ఈ మలుపునే కొలుతురు. కాని ఒక్క అణువు మందపు పొర సెంటీమీటరులో కోటవ వంతు. అంత పలుచని దానిలో కాంతి పొందు మలుపు ఎంత? ఔషధములు దాటవలసిన జీవకణపు పొరయు మిక్కిలి పలుచనిదే.

దీనికి వేఱొక ఉపాయము దొరకినది. షడ్జముకంటె తారషడ్జమునకు కంపనము రెండింతలు గదా! అట్లే తీక్ష్ణమగు లేసరు కాంతి కొన్ని పదార్థములలో రెండింతల కంపనముగల కాంతిని పుట్టించును. 1961లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమున ఫ్రాంకెన్, ఆయన సహచరులు కెంపు లేసరు కాంతిని స్ఫటికము గుండ పంపి దీనిని పట్టిరి. ఛాయాచిత్రములోని ఆ చిన్న చుక్కను మరకయనుకొని పత్రికవారు తుడిచివేసిరని చెప్పుకొందురు!

నీటి నడుమ అణువులు తలయొక దిక్కునకు చూచుచుండును గాన ఒకదాని ద్విగుణకాంతిని మఱియొకటి చెఱచును. మీదిపొరలో అట్లు కాదు. పైన గాలి, క్రింద నీరు ఉండుటచే అణువులు ఒక తీరున నిలుచును. ఆ కాంతి పొరనుండియే వచ్చును.

1993లో వాషింగ్టన్ నగరపు జార్జిటౌన్ విశ్వవిద్యాలయమున జానిస్ హిక్స్ బృందము నీటిమీద బైనాఫ్తాల్ అను పదార్థపు పొరను పఱచి, కుడికి సుడితిరుగు కాంతిని ఒకమారు, ఎడమకు తిరుగుదానిని ఒకమారు ప్రసరింపజేసెను. పుట్టిన ద్విగుణకాంతులు సమానము కాలేదు. అణువుల వాటము మార్చినచో హెచ్చుతగ్గులును తారుమారయ్యెను. సాధారణ పరీక్షలలో ఈ భేదము వేయింట ఒక పాలో, అంతకు తక్కువయో. ఇందు కొట్టవచ్చినట్లు కనబడును. అచ్చట కాంతియొక్క విద్యుద్బలమునకు దుర్బలమగు అయస్కాంతబలము తోడుపడవలెను. ఇచ్చట విద్యుద్బలమొక్కటియే చాలవచ్చును. లేసరు రంగును మార్చుచు కొలిచినచో అణువు ఏ రంగునకు స్పందించునో తెలియును.

ఇందొక చిక్కు కలదు. గాలికి ఒకేవైపు వాలిన వరిచేనువలె, వాటములేని అణువులు బారుతీరినను ఇట్టి భేదమే తోచును. అందుచే పొరను త్రిప్పుచు అన్ని దిక్కులనుండి కొలుతురు. బారువలన వచ్చిన భేదము త్రిప్పినకొలది పెరుగుచు తఱుగుచు తిరుగబడును. వాటమువలన వచ్చినది ఎటు త్రిప్పినను నిలుచును.