నిప్పురవ్వ ఎవరిది, నేరం ఎవరిది?

(అమలాపురం సభలో చేసిన ప్రసంగ పాఠం)



కొండల్లో అడవి తగలబడితే కోనసీమలో కూర్చుని మాట్లాడుకోవడం ఎందుకని కొందరికి అనిపించొచ్చు. నిప్పు సంగతి ఈ నేలకి తెలియనిదా? 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి అంటుకుంటే ఆర్పడానికి 65 రోజులు పట్టింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం ఊళ్లో గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. పరుచుకున్న గ్యాస్ టీ కొట్టు పొయ్యికి అంటుకుందని అప్పట్లో చెప్పుకున్నారు. అంతమాత్రాన నేరం టీ కొట్టుదైపోతుందా? పైపు ఎందుకు కారింది, చూసుకోవాల్సింది ఎవరు? అదే కదా అసలు ప్రశ్న.

మరి రంపచోడవరం, మారేడుమిల్లి కొండల్లో మంట లేస్తే ఆ ప్రశ్న ఎందుకు వెయ్యరు? "పోడోళ్లు తగలబెట్టారు" అనేసి ఊరుకుంటారు.

మనం కూడా నిజం దాచొద్దు. మన దేశంలో అడవి మంటలు ఎక్కువ భాగం మనుషుల వల్లే మొదలవుతాయి. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు కాలుస్తాం. తునికాకు కొత్త చిగురు కోసం పొదలు కాలుస్తారు. ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క చాలు. కానీ ఒక్క రవ్వకి కొండంతా ఎందుకు కాలాలి? ఎండాకాలం వచ్చేసరికి రాలిన ఆకు పరుపులా పేరుకుంటుంది. వరసగా టేకే నాటిన చోట ఆ పరుపు ఎక్కడా తెగదు. పోడుకి నిప్పు పెట్టేముందు చుట్టూ ఊడ్చి, గాలి చూసి, కాపలా ఉండటం పెద్దోళ్ల పద్ధతి. 1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవిలో నిప్పుని నేరం చేసింది. అడవితో పాటు కాపలా కూడా ఊరి చేతుల్లోంచి పోయింది.

ఆ కాపలా తిరిగి తెచ్చుకునే దారి ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(ఐ) సామూహిక అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. సెక్షన్ 5 గ్రామసభకి ఆ అధికారం ఇచ్చింది. కాబట్టి సామూహిక హక్కు పత్రాలు అడగండి. మంటలు ఆపే గీతలు ఎక్కడ కొట్టాలో గ్రామసభే చెప్పాలి, ఆ పని కూలి మన ఊరోళ్లకే రావాలి. ఉపగ్రహం పట్టిన మంటల కబురు ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఫోన్‌కి పంపుతుంది. పేరు నమోదు చేసుకుంటే ఎవరికైనా వస్తుంది. గూడేనికి ఇద్దరు కుర్రోళ్లు ఆ పని చెయ్యండి. ఇప్పచెట్టు కింద కాల్చకుండా ఊడవండి, లేదా పాత చీరలు పరవండి.

వచ్చే ఇప్పపువ్వు కాలానికి ముందే గ్రామసభ పెట్టి ఇవన్నీ తీర్మానం రాయండి. రేపు ఎవరైనా వేలెత్తి చూపిస్తే ఆ కాగితం చూపిద్దాం.

జై ఆదివాసీ.